హుమ్మ వంపులో నీళ్ల పందిరి

గంజాం జిల్లాలో హుమ్మ అనే ఊరి దగ్గర నేను చూసినది ఏ పుస్తకంలోనూ లేదు. ఉండకపోతుందా అని తిరిగొచ్చాక మా తణుకు గ్రంథాలయంలో రోడ్ల మీద ఉన్న పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. రోడ్డు ఎవరు వేశారో ఉంది, ఏయే నదులు దాటుతుందో ఉంది, ఎప్పుడు ఎంత వెడల్పు చేశారో ఉంది. నేను చూసిన సంగతి మాత్రం ముగ్గురు ఆడవాళ్ల నోట్లోనే ఉంది. ఆ ముగ్గురిలో ఒకావిడకి డెబ్బై దాటాయి, పైగా షుగరు. అందుకని, రాయడం నా పని కాకపోయినా రాస్తున్నాను.

నా పని బట్టలు కుట్టడం. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మా ఇల్లు ట్రంకు రోడ్డు పక్కనే. చిన్నప్పుడు ఈ రోడ్డు ఎక్కడిదాకా పోతుందని మా నాన్నని అడిగితే, ఇటు మద్రాసు, అటు కలకత్తా అన్నాడు. మధ్యలో ఏముంటాయి అంటే, ఊళ్లు అన్నాడు. ఆ జవాబు నాకు చాలలేదు. పెద్దయ్యాక గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టింది ఆ జవాబు కోసమే. ఇప్పుడు నా దగ్గర రెండు వందల పేజీల నోటు పుస్తకం నిండా ఈ ఒక్క రోడ్డు గురించే ఉంది.

అందులోంచి రెండు ముక్కలు. దక్షిణాది యాత్రికులు పూరీకి నడిచి వెళ్లిన దారి కాబట్టి దీన్ని జగన్నాథ సడక్ అన్నారు. కంపెనీవాళ్ల కాలంలో మద్రాసు నుంచి కలకత్తాకి బాగుచేయించాక జి.ఎన్.టి. రోడ్డు, అంటే గ్రేట్ నార్తర్న్ ట్రంకు రోడ్డు అయింది. ఆ తర్వాత అయిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారో నంబరు. ఇన్ని పేర్లున్నది ఒక్క రోడ్డేనా, లేక ఒకదాని పక్కన ఒకటి వేసిన నాలుగు రోడ్లా అన్నది నా అనుమానం. గంజాం ఇప్పుడు ఒడిశాలో ఉంది కాని, ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. అక్కడ పాత రోడ్డు ముక్కలు ఇంకా మిగిలున్నాయని చదివి, ఏప్రిల్ ఆఖరి వారంలో మిషను మీద గుడ్డ కప్పి బయలుదేరాను.

బరంపురం

బెర్హంపూర్ అని బోర్డుల మీద ఉంటుంది కాని, అక్కడి తెలుగువాళ్ల నోట బరంపురమే. పొద్దున్నే బజారులో ఒక టిఫిన్ కొట్లో కూర్చున్నాను. ఉప్మా అడిగితే దాని మీద ఎండు బఠాణీల కూర ఒక గరిటె పోసి ఇచ్చారు. ఘుగుని అంటారట. ఉప్మా మీద కూర ఏమిటని మొదట మొహం చిట్లించాను, రెండో ప్లేటు కూడా తిన్నాను. రెండూ కలిపి అరవై రూపాయలు. మా తణుకులో ఒక్క దోసె అంత ఉంది.

కొట్టు యజమాని పాపారావు గారు. మూడు తరాల నుంచీ అక్కడే వ్యాపారం. పక్క బల్లతో ఒడియాలో, నాతో తెలుగులో, గల్లాపెట్టె దగ్గర రెండూ కలిపి మాట్లాడుతున్నారు. నేను వచ్చిన పని చెబితే గరిటె పక్కన పెట్టి నన్ను పైనించి కిందిదాకా చూశారు.

"రోడ్డెక్కి ఎక్కడికో ఎల్లినోళ్లని సూసినాను గానీ, రోడ్డునే సూడ్డానికొచ్చినోళ్లని ఇదే సూడ్డం."

అయినా దారి చెప్పింది ఆయనే. నాలుగు వరసల రోడ్డు వేసినప్పుడు వంకర్లన్నీ తీసేశారని, గంజాం దాటి హుమ్మ చేరబోయే ముందు అలా తీసేసిన వంపు ఒకటి పక్కన పడి ఉందని, ఆ వంపులో నడిస్తే నాకు కావలసిన పాత రోడ్డు కాళ్లకి తగులుతుందని అన్నారు. వెళ్లే ముందు ఆయన మాట కాదనలేక అప్పడాలు రెండు కట్టలు కొన్నాను. బరంపురం అప్పడాలకి పేరు ఉన్నమాట నిజమే. కాని ప్రయాణం మొదటి రోజునే అప్పడాలు కొనేవాళ్లు నాబోటివాళ్లే. ఇంటికి చేరేసరికి అవి పొడి. పులుసులో వేసుకుని తిన్నాం.

ఋషికుల్య

రెండో రోజు ఛత్రపురం మీదుగా గంజాం ఊరికి వెళ్లాను. జిల్లాకి తన పేరు ఇచ్చిన ఊరు ఇప్పుడు చిన్న పల్లె. ఒకప్పుడు జిల్లా కచేరీలన్నీ ఇక్కడే ఉండేవి. జ్వరాలొచ్చి జనం చచ్చిపోతుంటే కచేరీలు ఎత్తుకుని దొరలు వెళ్లిపోయారని చదివాను. ఊరు పోతే రోడ్డు కూడా కొంచెం పక్కకి ఒత్తిగిల్లుతుంది. ఋషికుల్య వంతెన మీద నిలబడి ఈ మాట పుస్తకంలో రాసుకున్నాను. కింద నీళ్లు తక్కువ, ఇసక ఎక్కువ. గట్టు మీద మొగలి పొదలు.

ఈ ఏటికి ఎగువన జౌగడ దగ్గర అశోకుడి శాసనం ఉంది. దారుల పక్కన మనుషులకి, పశువులకి బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి ఆ రాతి మీద ఉంది. ఈ రోడ్డు గురించి చదివినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అది. జౌగడ వెళ్లడానికి వీలు పడలేదు. వంతెన దిగుతుంటే చెప్పు తెగింది. పిన్నీసు పెట్టుకుని నడిచాను.

హుమ్మ వంపు

పాపారావు గారు చెప్పిన వంపు దొరికింది. కొత్త రోడ్డు విల్లుకి కట్టిన తాడులా సూటిగా పోతుంటే, పాతది విల్లులా వంగి మళ్లీ దాన్నే కలుస్తోంది. నడిస్తే అరగంట. తారు పగిలి లోపలి కంకర కనిపిస్తోంది. ఒక పక్క ఉప్పు మడులు, వాటి గట్ల మీద తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు. మనిషి అలికిడి లేదు. మధ్యాహ్నం రెండున్నర, ఎండ నెత్తి మీద కూర్చుంది. నేను మాత్రం కంకర రాయి ఎంత మందాన పరిచారో వంగి వంగి చూసుకుంటూ, మహా సంబరంగా నడుస్తున్నాను.

వంపు మధ్యలో తాటాకు పందిరి. ఇసక మీద మూడు కుండలు, మూతుల మీద తడి గుడ్డలు. వెనక పీట మీద ఒక పెద్దావిడ. చేతిలో ఇత్తడి కొమ్ముచెంబు. నన్ను చూసి లేచి నిలబడి "నీళ్లు తాగుతావా తల్లీ" అని తెలుగులోనే అడిగారు. నా దగ్గర సీసా ఉందండీ, వద్దండీ అని నవ్వి ముందుకి సాగాను. ఆవిడ మళ్లీ అడగలేదు. పీట మీద కూర్చున్నారు.

హుమ్మ బజారులో చెప్పు కుట్టించుకుని, పక్కనే ఉన్న కిరాణా కొట్లో బెల్లం ముక్క కొనబోయాను. కొట్లో ఉన్నది ముప్పై అయిదేళ్ల రేవతి. ఇచ్ఛాపురం పిల్ల, ఇక్కడికి కోడలిగా వచ్చింది. నా కాళ్ల మీద దుమ్ము చూసి, ఆ వంపులోంచి వచ్చినావా అని అడిగింది. అవునన్నాను. పందిట్లో నీళ్లు తాగినావా అంది. నా దగ్గరే ఉన్నాయని చెప్పానన్నాను.

రేవతి తూకం రాయి కింద పెట్టేసింది. "ఎంత పని సేసినావమ్మా. మా అత్త పొద్దున్నించీ పచ్చి గంగ ముట్టనేదు."

అప్పుడు చెప్పింది. పందిట్లో ఉన్నది వాళ్ల అత్తగారు కామేశ్వరమ్మ. వాళ్ల ఇంట్లో నాలుగు తరాల మొక్కు అది. ఒడియావాళ్ల ఉగాది పణా సంక్రాంతి. ఆ రోజు నుంచి పూరీ రథయాత్ర దాకా ఆ దారిలో నీళ్లు పోయాలి. దారిన పోయే మనిషి ఒక్కరైనా తాగితే గాని ఇంటి పెద్ద కోడలు అన్నం ముట్టకూడదు. తాగమని రెండోసారి అడగకూడదు. మొక్కు సంగతి చెప్పి తాగించకూడదు, తనిప్పుడు చేస్తున్నది అదే. పాత రోడ్డు మీద బస్సులు, జనం తిరిగిన రోజుల్లో తెల్లారేసరికే ఎవరో ఒకరు తాగేసేవారు. రోడ్డు పక్కకి జరిగాక మధ్యాహ్నాలు దాటిపోతున్నాయి. పోయినేడు ఆవిడ పందిట్లోనే కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు తిట్టాడు. ఆవిడ వినదు.

వెనక్కి అదే వంపులో, ఎండలో, గబగబా నడిచాను. సీసాలో నీళ్లు బజారుకి చేరే లోపే అయిపోయాయి కాబట్టి దాహం నటించాల్సిన అవసరం లేకపోయింది. పందిరి ముందు నిలబడి దోసిలి పట్టాను. కామేశ్వరమ్మ గారు కొమ్ముచెంబు ఎత్తి పోశారు. వట్టివేళ్ల వాసన, కొంచెం ఇసక చల్లదనం. నేను తల అడ్డంగా ఊపేదాకా ధార ఆపలేదు. ఆ తర్వాత ఆవిడ నన్ను కూర్చోబెట్టి గిన్నె మూత తీశారు. నీళ్లలో నానిన అన్నం, వాళ్లు పఖాళ అంటారు, మన చద్దన్నమే. పెరుగు, వేయించిన వడియాలు, పచ్చిమిరపకాయ. సగం నాకు పెట్టారు. అప్పటికి నాలుగవుతోంది.

మా తణుకులోనూ చలివేంద్రాలు పెడతారు. రిబ్బను కట్ చేస్తారు, ఫోటో పేపర్లో వస్తుంది, రెండో వారానికి కుండల్లో బల్లులు ఉంటాయి. తింటూ ఈ మాట అంటే కామేశ్వరమ్మ గారు నవ్వారు. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. పడుకోబోయే ముందు రేవతి నన్ను ఒక్కటే అడిగింది. నేను అంత చదివినదాన్ని కదా, పందిరి కొత్త రోడ్డు మీదకి మార్చవచ్చని వాళ్ల అత్తకి నచ్చచెప్పమని.

పందిట్లో

మూడో రోజు పొద్దున్నే నోటు పుస్తకం పట్టుకుని పందిట్లో కూర్చున్నాను. దాహానికి నేను పనికిరాననీ, ఇంట్లో అన్నం తిన్నాక బాటసారిని కాదు, చుట్టాన్ననీ కామేశ్వరమ్మ గారు ముందే చెప్పేశారు.

నేను నా చదువంతా విప్పాను. రోడ్డు ఎప్పుడూ ఒక్కచోట ఉండదని, గంజాం ఊరు పడిపోతే పక్కకి జరిగిందని, ఏరు మారితే మారిందని చెప్పాను. జౌగడ రాయి సంగతి చెప్పి, అశోకుడంతటివాడు కూడా ఫలానా దారి పక్కనే అని గిరి గీసుకోలేదన్నాను.

"రాజులు బావులు తవ్విస్తారు తల్లీ," అన్నారు కామేశ్వరమ్మ గారు. "ఎవుడో వచ్చి తాగేదాకా అన్నం మానీసి కూకుంటారేటి?"

వాళ్ల ముత్తత్తగారు పూరీకి నడుస్తూ ఎండదెబ్బకి ఈ దారిలోనే పడిపోయిందట. ఉప్పు బండి తోలుకుపోతున్నవాడెవరో తన కుండలో నీళ్లు పోసి బతికించాడట. పడింది ఇక్కడ, మొక్కింది ఇక్కడ, అక్కడికి ఎలా పోతామన్నారు.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. పేజీలు తిప్పి, కంకర పరిచిన ఈ వంపు కూడా తర్వాతి కాలంలో వేసినదే అయి ఉంటుందని, నడిచేవాళ్ల దారి అంతకు ముందు ఉప్పు మడుల అవతల ఎక్కడో ఉండి ఉంటుందని చెప్పాను. గెలిచాననే అనుకున్నాను.

ఆవిడ మడుల వైపు చూశారు. "అయితే ఇన్నేళ్లూ మేం తప్పు సోట కూకున్నామా?"

ఆవిడ అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు, అందరూ ఆకలితో కూర్చున్న చోటుని నేను ఒక పేజీతో చెరిపేశాను. నిజానికి నాకూ ఖాయంగా తెలియదు. పుస్తకం మూసి సంచీలో పెట్టేశాను.

పదకొండు దాటాక పోలమ్మ వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి పొడంపేట మనిషి. తల మీద ఎండు చేపల గంప. కుంటుతూ వచ్చి గంప దించి, దోసిలి పట్టి తాగింది. భోజనం తెచ్చిన రేవతి అప్పుడే పందిట్లోకి వచ్చింది. కామేశ్వరమ్మ గారు గిన్నె ముట్టుకోలేదు. సంగతేమిటని పోలమ్మ అడిగితే నేనే చెప్పాను, నా తప్పుతో సహా.

పోలమ్మ గంప పక్కన చతికిలబడింది.

"సావుకారమ్మా, నాను బాటసారిని కాను. నీ కోడలు అడిగితే రెండేళ్లుగా గంపెత్తిన రోజల్లా ఆ రోడ్డు మొగని ఆటో దిగి, నీ కోసరమే ఈ వంపు తిరిగొస్తన్నాను."

రేవతి తల దించుకుంది. కామేశ్వరమ్మ గారికి మాత్రం ఆశ్చర్యం లేదు.

"నాకు తెల్దేటే? ఆటో ఆగిన సప్పుడు ఇక్కడికి ఇనపడతాది. నీ దాహం నిజమే గదాని లెక్కేసుకున్నాను."

"మరైతే రేపట్నించీ ఆ దాహం కూడా రాదు. మోకాలు పోయింది, నిన్న అందుకే రానేదు. నడవనేను." పోలమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "మా ఊరుని సముద్రం తినీసింది, నీకు తెల్సు. ఇళ్లన్నీ ఒగ్గీసి ఇవతలికొచ్చినాం. వచ్చినప్పుడు అమ్మోరిని ఎత్తుకొచ్చినాం. నా సోటు ఇదే, నాను రానని అమ్మోరు అన్నాదేటి? మనుసులెక్కడుంటే అక్కడే కూకుంది. నువ్వు మనుసుల్ని ఒగ్గీసి రోడ్డుని పట్టుకున్నావు."

దూరంగా కొత్త రోడ్డు మీద లారీల హోరు. కామేశ్వరమ్మ గారు గిన్నె దగ్గరికి లాక్కుని నాలుగు ముద్దలు తిన్నారు. చెయ్యి కడుక్కుని, కుండల కింది ఇసక వైపు చూసి, కోడలితో ఒక్క మాట అన్నారు.

"కొత్త ఇసక తెప్పించు."

కొత్త రోడ్డు

కుండలు బండి మీద తేకూడదన్నారు. నాలుగో రోజు తెల్లవారకముందే వాటిని నెత్తిన పెట్టుకుని నడిచాం, నేను ఒకటి, రేవతి రెండు సార్లు తిరిగి రెండు. ఉప్పు లారీలు ఆగే మలుపు దగ్గర, ఒక తుమ్మ చెట్టు పక్కన తాటాకులు కట్టాం. ఏడింటికి ఆవిడ పీట మీద కూర్చున్నారు.

ఆ రోడ్డు మీద మనుషులు లేరని కాదు. క్షణానికొకరు పోతున్నారు. కాని అద్దాలు ఎత్తుకుని, గాలిలా. ఎనిమిది, తొమ్మిది, పది. మోటారు సైకిలు మీద ఒకతను వేగం తగ్గించి పందిరి చూసి, తన సంచీలో సీసా తట్టి చూపించి పోయాడు. ఉప్పు మడుల కూలీలు వచ్చి తాగారు. పోశాం, కాని ఊరివాళ్లు లెక్కలోకి రారు. పన్నెండింటికి కామేశ్వరమ్మ గారు చెంబు కింద పెట్టి పందిరి గుంజకి చేరగిలబడడం నేను చూశాను. రేవతి కూడా చూసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇక్కడికి తెచ్చింది మేమే.

ఒంటిగంటన్నరకి ఒక లారీ పొగలు కక్కుతూ మలుపులో ఆగింది. డ్రైవరు డబ్బా పట్టుకుని దిగాడు. నడివయసు, తలకి తువ్వాలు. మాకు తెలియని భాషలో ఏదో అన్నాడు, కుండ చూపించాడు. ఆవిడ లేచారు. అతను దోసిలి పట్టలేదు. డబ్బా పట్టాడు. మూడు డబ్బాలు ఇంజనుకి పోశాడు.

రేవతికి ఏడుపొక్కటే తక్కువ. కామేశ్వరమ్మ గారు తమాషాగా చూస్తూ, "బండి ఎడ్లు తాగితే మా అత్త సగం లెక్కేసేది," అన్నారు. "ఇది ఎద్దు కిందకే వస్తాది."

ఇంజను చల్లారాలి. అతను తుమ్మ నీడలో కూర్చుని మెడ తుడుచుకుంటున్నాడు. కుండలకి పది అడుగుల దూరం. మేం అడగకూడదు. సైగ కూడా చేయకూడదు. రేవతి నోరు తెరవబోతే అత్తగారి చూపు ఆపింది. నా జన్మలో ఒక మనిషి దాహం కోసం అంతగా ఎదురుచూడలేదు. అతను బీడీ వెలిగించాడు. సగం తాగి పారేశాడు. లేచి లారీ వైపు రెండడుగులు వేశాడు.

అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, పందిరి ముందుకి వచ్చి వంగి దోసిలి పట్టాడు.

ధార పడుతూనే ఉంది. చెంబు ఖాళీ అయితే రేవతి రెండోది అందించింది. అతను తల ఊపేసరికి గెడ్డం, చొక్కా తడిసిపోయాయి. నెత్తికి రెండు చేతులూ ఆనించి దణ్ణం పెట్టి లారీ ఎక్కాడు. కామేశ్వరమ్మ గారు పీట మీద కూర్చుని గిన్నె అడిగారు. ఆ రోజు పప్పు, మామిడికాయ. నేను ఇల్లు చేరి వారమయ్యాక రేవతి ఫోను చేసింది. ఇప్పుడు వాళ్ల అత్త పొద్దున్న తొమ్మిదింటికల్లా తింటున్నారట. లారీలవాళ్లకి తెలిసిపోయిందట.

ఈ నాలుగు రోజులకి నేను రుణపడ్డవాళ్లు: అడిగిన పుస్తకం లేదనకుండా వెతికిచ్చే మా గ్రంథాలయం భాస్కరరావు గారు. దారి చెప్పిన బరంపురం పాపారావు గారు. చెప్పు కుట్టి, అయిదు రూపాయలు చాలన్న హుమ్మ దండాసి. ముక్కూ మొహం తెలియని నన్ను నమ్మి ఇంటి బరువు చెప్పుకున్న రేవతి. నా రెండు వందల పేజీలూ చెప్పలేని మాట చెప్పిన పొడంపేట పోలమ్మ. నేను తప్పు చేసినా సగం అన్నం పెట్టిన కామేశ్వరమ్మ గారు. వీళ్లందరికీ నమస్కారాలు.

ఆ డ్రైవరు పేరు రాయలేను. తాగినవాడి పేరు, ఊరు, కులం అడగకూడదన్నది ఆ మొక్కులో మొదటి షరతట. అప్పటికి నాకది తెలియదు. లారీ కదులుతుంటే, కనీసం నంబరైనా రాసుకుందామని సంచీలోంచి పుస్తకం తీశాను. కామేశ్వరమ్మ గారు తింటున్న చెయ్యి ఆపి, ఎడమ చేత్తో నా పుస్తకం మూసేశారు.